ఒకే ధర, మూడు గడియారాలు

షేర్ల వ్యాపారం చేసేవారి కంప్యూటరు తెరమీద సాధారణంగా ఒకటికి మించిన కిటికీలు తెరచి ఉంటాయి. ఎడమ కిటికీలో ఒక కంపెనీ షేరు ధర వారానికొక బార్ చొప్పున కనిపిస్తుంది. మధ్య కిటికీలో అదే షేరు రోజుకొక బార్ చొప్పున, కుడి కిటికీలో పదిహేను నిమిషాలకొక బార్ చొప్పున కనిపిస్తుంది. ఒక నిర్ణీత కాలంలో షేరు పలికిన తొలి ధర, తుది ధర, గరిష్ఠ ధర, కనిష్ఠ ధర అనే నాలుగింటినీ ఒక్క నిలువు గీతలో ఇమిడ్చి చూపే గుర్తునే బార్ అంటారు. షేరు ఒక్కటే, దాని ధరా ఒక్కటే. అయినా మూడు కిటికీలూ మూడు కథలు చెబుతాయి. వారాల చార్టు పైకి పోతున్నదంటుంది, రోజుల చార్టు దిగుతున్నదంటుంది, నిమిషాల చార్టు ఎటూ తేల్చదు. ఈ మూడింటినీ ఒక తాటిమీదికి తెచ్చి, పెద్ద కాలమానంలో కనిపించే ఎగుడుదిగుడులకూ చిన్న కాలమానంలోని ఎగుడుదిగుడులకూ లంకె వేయగలిగితే కొనవలసిన వేళా అమ్మవలసిన వేళా తెలిసిపోతాయన్న ఆశ చాలామందిది.

ఆ లంకె వేసిపెట్టే సాఫ్ట్‌వేరుకు కొరత లేదు. 1991లో వెలువడిన ట్రేడ్‌స్టేషన్ వంటి ప్రోగ్రాములు ఈ సౌకర్యాన్ని ఇంటి కంప్యూటర్లలోకి తెచ్చాయి. ఈనాడు ట్రేడింగ్‌వ్యూ వంటివి చేతిలోని ఫోనులోనే ఆ పని చేసిపెడుతున్నాయి. ట్రేడర్లు దీనిని మల్టీ టైమ్‌ఫ్రేమ్ విశ్లేషణ అంటారు. గణిత దృష్టితో చూస్తే ఇది సంకేత శాస్త్రంలో ఒక చక్కని సమస్య. జేబు దృష్టితో చూస్తే ప్రమాదకరమైన సమస్య. భారతదేశపు మార్కెట్టు నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2022 నుండి 2024 వరకు గడచిన మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ లావాదేవీలు జరిపిన కోటికి పైగా వ్యక్తులలో 93 శాతం నష్టపోయారు. ఖర్చులతో కలిపి ఒక్కొక్కరికి సగటున సుమారు 2 లక్షల రూపాయలు పోగా, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ఆ నష్టాలన్నింటికీ చార్టులే కారణమని ఎవరూ అనరు. అయితే తెరమీది గీతలకు లేని అర్థాన్ని అంటగడితే చెల్లించవలసిన మూల్యం ఏపాటిదో ఆ అంకెలు తెలుపుతాయి.

చక్రంలో చక్రం

పెద్ద అలమీద చిన్న అల స్వారీ చేస్తుందన్న ఊహ పాతదే. వాల్ స్ట్రీట్ జర్నల్ స్థాపకులలో ఒకరైన చార్లెస్ డౌ, ఆయన అనుయాయులు మార్కెట్టు కదలికలను సముద్రంతో పోల్చారు. ఏళ్ళ తరబడి సాగేది పోటు, వారాలూ నెలలూ సాగేవి అలలు, రోజువారీ చలనాలు తరగలు. ఆర్థిక శాస్త్రజ్ఞులు వీటికి కొలతలు కట్టడానికి ప్రయత్నించారు. ఫ్రాన్సులో క్లెమాన్ జుగ్లార్ 1862లో తొమ్మిది, పదేళ్ళ ఆవర్తనాన్ని వర్ణించాడు. 1923లో జోసెఫ్ కిచిన్ సుమారు 40 నెలల ఆవర్తనాన్ని, అదే దశకంలో రష్యాలో నికొలాయ్ కొంద్రాత్యెవ్ యాభై ఏళ్ళకు అటూ ఇటూగా ఉండే దీర్ఘావర్తనాన్ని ప్రతిపాదించారు. 1939లో జోసెఫ్ షుంపీటర్ ఈ మూడింటినీ ఒకదానిలో ఒకటి అమర్చాడు. మూడు కిచిన్‌లు ఒక జుగ్లార్, ఆరు జుగ్లార్లు ఒక కొంద్రాత్యెవ్. మరుసటి ఏడే సైమన్ కుజ్నెట్స్ ఆ గ్రంథాన్ని సమీక్షిస్తూ, ఇంత పొందికైన అమరికకు గణాంకాలలో తగిన ఆధారం లేదని అభ్యంతరం తెలిపాడు.

షుంపీటర్ లెక్క ప్రకారం మొత్తం అరవై ఏళ్ళు వస్తుంది. తెలుగువారికి ఈ అంకె వినగానే ప్రభవ నుండి అక్షయ వరకు సాగే సంవత్సర చక్రం స్ఫురించడం సహజం. కాని రెండింటికీ అంకెలో తప్ప మరెందులోనూ పోలిక లేదు. పంచాంగపు అరవై వెనుక గ్రహగతి ఉన్నది. గురుడు సూర్యుని చుట్టి రావడానికి 11.86 ఏళ్ళు, శనికి 29.46 ఏళ్ళు పడుతుంది. గురుని ఐదు ప్రదక్షిణలూ శని రెండు ప్రదక్షిణలూ దాదాపు ఒకే కాలంలో, 59 ఏళ్ళ చిల్లరలో, పూర్తవుతాయి. తిథి, మాసం, అధిక మాసం, సంవత్సరం అన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండటానికి కారణం ఖగోళ యంత్రాంగం. రాబోయే గ్రహణాన్ని వందేళ్ళ ముందే చెప్పగలగడం ఆ యంత్రాంగం చలువే. మార్కెట్టులో అలాంటి యంత్రం ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న.

ఉన్నదన్నవారిలో సాఫ్ట్‌వేరు రచయితలను ఎక్కువగా ప్రభావితం చేసినవాడు జె. ఎమ్. హర్స్ట్ అనే అమెరికన్ ఇంజనీరు. వైమానిక, అంతరిక్ష పరిశ్రమలో సంకేతాల విశ్లేషణ తెలిసినవాడు. ఆయన 1970లో వెలువరించిన పుస్తకం ఈనాటికీ ఈ రంగంలో పాఠ్యగ్రంథం వంటిది. హర్స్ట్ నిచ్చెనలో మెట్లు ఇవి: 18 ఏళ్ళు, 9 ఏళ్ళు, 54 నెలలు, 18 నెలలు, 40 వారాలు, 20 వారాలు, 80 రోజులు, 40 రోజులు, 20 రోజులు, 10 రోజులు, 5 రోజులు. పక్కపక్క మెట్ల మధ్య నిష్పత్తి రెండు, ఒక్కచోట మూడు. ఈ కాలాలన్నీ నామమాత్రమైనవని ఆయనే అన్నాడు. 20 వారాలు అంటే 140 రోజులు. అందులో సగం 70 కావాలి గాని 80 కాదు. నిచ్చెన మెట్లు సాగుతాయి, కుంచించుకుంటాయి. ఆ పట్టువిడుపే ఈ సిద్ధాంతానికి ఊపిరి. దానిని తప్పని నిరూపించడం కష్టం కావడానికి కారణమూ అదే.

అలలు కలిసినప్పుడు

హర్స్ట్ చెప్పిన వాటిలో నిక్కచ్చిగా నిలిచేది సంకలన సూత్రం. వేర్వేరు కాలాల అలలను కూడితే ధర వస్తుందని ఊహిద్దాము. 20 వారాల అల తన మధ్యరేఖకు పైకీ కిందికీ 8 రూపాయలు ఊగుతుంది. 5 వారాల అల 3 రూపాయలు ఊగుతుంది. విడిగా చూస్తే చిన్న అల రెండున్నర వారాలు ఎక్కి, రెండున్నర వారాలు దిగుతుంది. కాని పెద్ద అల అత్యంత వేగంగా ఎక్కే దశలో వారానికి దాదాపు రెండున్నర రూపాయలు పైకి లాగుతూ ఉంటుంది. చిన్న అల గరిష్ఠ వేగం వారానికి సుమారు 3 రూపాయల 77 పైసలు. రెండింటినీ కూడితే ఐదు వారాలలో సుమారు 3.7 వారాలు ధర పెరుగుతుంది, 1.3 వారాలు మాత్రమే తగ్గుతుంది. చిన్న అల శిఖరం కుడి వైపుకు ఒరుగుతుంది. పెద్ద అల దిగే దశలో ఇదంతా తలక్రిందులై, పెరుగుదల క్షణభంగురమూ తగ్గుదల దీర్ఘమూ అవుతాయి.

కాలమానాలను కలిపి చూడాలన్న కోరికకు శాస్త్రీయమైన పునాది ఇదే. రోజుల చార్టులో ఒక తగ్గుదల త్వరగా ముగుస్తుందో లేదో ఆ చార్టు ఒక్కటే చెప్పలేదు. అది పెద్ద అల ఏ దశలో ఉన్నదన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. అలెగ్జాండర్ ఎల్డర్ అనే మానసిక వైద్యుడు 1986లో ప్రచురించిన మూడు తెరల పద్ధతి సామాన్య ట్రేడర్లలో ప్రచారం పొందడానికి ఈ తర్కమే కారణం. పెద్ద చార్టు చూసి దిశను నిర్ణయించు, మధ్య చార్టులో ఆ దిశకు ఎదురుగా వచ్చే చలనం కోసం కాచుకో, చిన్న చార్టులో ప్రవేశించు. చార్టుకూ చార్టుకూ మధ్య ఐదు రెట్ల తేడా ఉండాలని ఆయన సూచన. వారానికి ఐదు పనిదినాలు కనుక అది అమలుకు సుకరం. అయితే హర్స్ట్ నిచ్చెనలో మెట్టుకూ మెట్టుకూ రెండు రెట్లే. ఐదు రెట్లు దూకినవాడు రెండు మెట్లు దాటి దూకినట్లే. మధ్య మెట్టుమీది అల ఏ కిటికీలోనూ స్పష్టంగా కనిపించదు. ఎల్డర్ తెరలలో హర్స్ట్ అలలను వెతికే సాఫ్ట్‌వేర్లు ఈ సంగతిని పట్టించుకోవు.

గడియారం, బార్ల లెక్క

చార్టులను కలపడంలో తొలి చిక్కు కూడికలు, గుణకారాలది. సాఫ్ట్‌వేరు కాలాన్ని బార్లలో కొలుస్తుంది. అల మాత్రం గడియారాన్నో, పనిదినాలనో అనుసరించాలి. న్యూయార్కు మార్కెట్టు ఉదయం తొమ్మిదిన్నర నుండి సాయంత్రం నాలుగు వరకు, అంటే 390 నిమిషాలు, నడుస్తుంది. 15 నిమిషాల బార్లు 26 వస్తాయి. 5 నిమిషాలవి 78 వస్తాయి. గంట బార్లు మాత్రం ఆరు నిండుగానూ ఒకటి సగమూ వస్తాయి. ఆ సగం బార్‌ను కూడా ప్రోగ్రాము నిండు బార్‌గానే లెక్కిస్తుంది. ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి 9.15 నుండి 3.30 వరకు 375 నిమిషాలు నడుస్తుంది. అక్కడ 15 నిమిషాల బార్లు రోజుకు 25. సెలవులను పక్కనపెడితే 20 వారాల ఆవర్తనం రెండు చోట్లా 100 పనిదినాలే. కాని 15 నిమిషాల చార్టులో న్యూయార్కుకు అది 2,600 బార్లు, ముంబయికి 2,500. అమెరికా షేర్లకు అమర్చిన అంకెనే హైదరాబాదులోని బంధువుల కోసం నిఫ్టీ చార్టుకు వాడే ప్రవాసి నాలుగు రోజులు దారి తప్పుతాడు.

విదేశీ ద్రవ్యాల మార్కెట్టులో చిక్కు మరింత ముదురుతుంది. అది ఆదివారం సాయంత్రం న్యూయార్కు కాలం ప్రకారం తెరచుకొని, శుక్రవారం సాయంత్రం దాకా రాత్రింబవళ్ళు సాగుతుంది. రోజు ఎప్పుడు ముగుస్తుందన్నది సాఫ్ట్‌వేరు నడిపేవారి ఇష్టం. గ్రీనిచ్ అర్ధరాత్రికి ముగించే చార్టులో ఆదివారానికి రెండు మూడు గంటల బుడత బార్ ఒకటి పుట్టి, వారానికి ఆరు బార్లు అవుతాయి. న్యూయార్కు సాయంత్రం ఐదుకు ముగించే చార్టులో ఐదే ఉంటాయి. అదే ధరకు, అదే వారానికి ఒకచోట ఆవర్తనం 20 బార్లు, మరొకచోట 24. నాలుగు గంటల చార్టులోనైతే బార్ మొదలయ్యే వేళను బట్టి శిఖరాలూ లోయలూ స్థానాలు మార్చుకుంటాయి. దుబాయిలో కూర్చున్నవారూ సింగపూరులో కూర్చున్నవారూ ఒకే అలను చూస్తున్నామనుకొని వేర్వేరు బొమ్మలను చూస్తుండవచ్చు. ఆవర్తన కాలాన్ని ఎప్పుడూ రోజులలోనో గంటలలోనో రాసుకొని, ప్రతి చార్టుకూ విడిగా బార్లలోకి మార్చుకోవడమే దీనికి విరుగుడు. ఇది విసుగు పుట్టించే పని కనుకనే చాలామంది చేయరు.

మారువేషాలు

రెండో చిక్కు సూక్ష్మమైనది. పాత సినిమాలలో గుర్రపు బండి పరుగెత్తుతుంటే చక్రం వెనక్కు తిరుగుతున్నట్లు కనిపించడం అందరూ చూసినదే. కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఆకులు ఎంత తిరిగాయో కెమెరాకు తెలియదు. చార్టుకూ ఇదే గతి. ఒక షేరు ధరలో నాలుగు పనిదినాల చిన్న ఊగిసలాట ఉన్నదనుకోవాలి. శుక్రవారం ముగింపు ధరలను మాత్రమే ఏరి వారాల గీత గీస్తే, శుక్రవారానికీ శుక్రవారానికీ మధ్య ఐదు పనిదినాలలో ఆ ఊగిసలాట ఒకటింబావు చుట్లు తిరిగి ఉంటుంది. నిండు చుట్టు కంటికి ఆనదు, పావు చుట్టే ఆనుతుంది. అంటే వారాల చార్టులో అది నాలుగు వారాల నిదానమైన అలగా దర్శనమిస్తుంది. సంకేత శాస్త్రంలో ప్రసిద్ధమైన ఈ దోషాన్ని మారువేషం అనవచ్చు.

ఇప్పుడు రెండు చార్టులనూ కలిపి చూసే ట్రేడరు పరిస్థితి ఆలోచించాలి. రోజుల చార్టులో నాలుగు రోజుల అల, వారాల చార్టులో నాలుగు వారాల అల. నిష్పత్తి సరిగ్గా ఐదు. రెండు కాలమానాలూ ఒకదానినొకటి బలపరుస్తున్నాయన్న ఆనందం కలుగుతుంది. నిజానికి రెండో అల అసలు లేదు. దానిని సృష్టించినది లంకె వేసిన పద్ధతే. శుక్రవారపు ధరకు బదులు వారం మొత్తం సగటును తీసుకుంటే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది. రేడియో ఇంజనీర్లు నమూనా తీయడానికి ముందే వడపోత పెట్టడం ఇందుకే. చార్టు ప్రోగ్రాములలో అలవాటు ముగింపు ధరదే.

ముగియని వారం

అన్నింటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టేది మూడో చిక్కు. పై రెండూ తెరమీది బొమ్మను చెడగొడితే, ఇది పరీక్షనే చెడగొడుతుంది. ఒక వారం సోమవారం నాడు షేరు 100 రూపాయల వద్ద మొదలై శుక్రవారం 106 వద్ద ముగిసిందనుకోవాలి. వారాల చార్టులో ఆ వారానికి ఒకే బార్, దాని ముగింపు 106. వారాల సూచికను రోజుల చార్టుమీద పరచమని ప్రోగ్రామును ఆదేశిస్తే, అజాగ్రత్తగా రాసిన ప్రోగ్రాము ఆ 106ను సోమవారం మొదలు ఐదు రోజులకూ పరుస్తుంది. గడచిన చరిత్రలో అన్ని వారాలూ ముగిసినవే కనుక కంప్యూటరుకు ఏ ఇబ్బందీ లేదు. కాని ఆ సోమవారం నాడు బతికి ఉన్న మనిషికి శుక్రవారపు ధర తెలియదు. ‘వారం పైకి ఉంటే సోమవారం కొను’ అన్న నియమం చరిత్రమీద అద్భుతంగా ఫలిస్తుంది. రేపటి పత్రిక చదివి నేడు పందెం కాసినవాడు ఓడిపోతాడా?

ట్రేడర్లు దీనిని రీపెయింటింగ్ అంటారు. గోడకు మళ్ళీ రంగు వేసినట్లు, జరిగిపోయిన చార్టుమీద సూచనలు చడీచప్పుడు లేకుండా మారిపోతాయి. తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. ముగిసిన వారపు విలువనే వచ్చే శుక్రవారం దాకా వాడటం ఒకటి. అప్పుడు పెద్ద కాలమానపు సమాచారం ఐదు రోజుల దాకా పాతబడుతుంది. రెండోది, పెరుగుతున్న వారాన్ని రోజురోజుకూ కట్టడం. సోమవారానికి ఒక రోజు వారం, మంగళవారానికి రెండు రోజుల వారం, అలా. ఇందులో విలువ రోజూ మారుతుంది కనుక, ఏ రోజు తెరమీద ఏ విలువ కనిపించిందో ఆనాడే భద్రపరచి, పరీక్షను దానిమీదనే జరపాలి. మొదటిది మొద్దుబారినది, రెండోది శ్రమతో కూడినది. రెండూ నిజాయితీగల దారులే. వీటిలో దేనిని అనుసరించినా పరీక్ష ఫలితాలు మునుపటి వైభవాన్ని కోల్పోతాయి.

ఆలస్యం కూడా ఇక్కడ చెప్పుకోదగినదే. పెద్ద అలను చూపడానికి వాడే సాధనం చలన సగటు, అంటే ట్రేడర్లు మూవింగ్ ఏవరేజ్ అనేది. పది వారాల సగటు నాలుగున్నర వారాలు వెనుకబడి నడుస్తుంది. 20 వారాల అల ఎక్కేది పది వారాలు. సగటు పైకి తిరిగిందని చూసేసరికి ఎక్కుడులో దాదాపు సగం అయిపోతుంది. హర్స్ట్ ఈ ఆలస్యాన్ని తొలగించడానికి సగటును వెనక్కు జరిపి అల మధ్యలో నిలబెట్టాడు. గడచిన కాలానికి అది సొగసుగా అమరుతుంది. కాని కుడి చివర, డబ్బు పెట్టవలసిన చోట, ఆ గీత నాలుగున్నర వారాల ముందే ఆగిపోతుంది. మిగిలిన ఖాళీని ప్రోగ్రాము ఊహతో పూరిస్తుంది. ఊహించిన భాగాన్ని చుక్కల గీతగా చూపే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. వాటి రచయితలను అభినందించాలి.

ఒకే సాక్షి

ఈ చిక్కులన్నీ విప్పుకున్న తరువాత కూడా మౌలికమైన ప్రశ్న మిగిలే ఉంటుంది. వారాల చార్టు రోజుల చార్టును సమర్థిస్తే అది ఎంతటి సమర్థన? వారపు బార్‌ను తయారుచేసినది ఐదు రోజుల బార్లే. శుక్రవారపు ముగింపే వారపు ముగింపు. 20 వారాల చలన సగటునూ 100 రోజుల చలన సగటునూ ఒకే కాగితంమీద గీస్తే రెండు గీతలు దాదాపు ఒకదానిమీద ఒకటి పడతాయి. రెండు కాలమానాలు ఏకీభవించాయనడం ఒకే సాక్షి చొక్కా మార్చుకొని వచ్చి రెండోసారి బోనెక్కినట్లే. మూడు చార్టులలో మూడు సూచనలు కలిశాయని మూడు రెట్ల ధైర్యంతో మూడు రెట్ల పెట్టుబడి పెట్టేవాడు లెక్కలో తప్పటడుగు వేస్తున్నాడు.

సాక్ష్యమే లేనిచోట కూడా అలలు కనిపించగలవని 1927లో తేల్చిన గణితజ్ఞుడు యెవ్గెనీ స్లుట్స్కీ. వింత ఏమంటే, దీర్ఘావర్తనాల కొంద్రాత్యెవ్ స్థాపించిన మాస్కో పరిశోధనాలయంలోనే ఆయన పనిచేసేవాడు. ప్రభుత్వ లాటరీ రుణపత్రాల డ్రాలో వచ్చిన అంకెలను తీసుకొని, వరుసగా కొన్నిటిని కూడుతూ పోయాడు. లాటరీ అంకెలలో ఏ క్రమమూ లేదు. కూడగా వచ్చిన గీతలో మాత్రం ఉత్థానపతనాలు అచ్చం వ్యాపార ఆవర్తనాలలాగే పుట్టుకొచ్చాయి. ఇంగ్లండు పందొమ్మిదో శతాబ్దపు వ్యాపార సూచిక పక్కన పెడితే రెంటికీ పోలిక ఆశ్చర్యపరిచేదిగా ఉన్నది. చలన సగటు చేసే పని కూడికే. అంటే ఆవర్తనాలను చూపించడానికి సాఫ్ట్‌వేరు వాడే సాధనమే ఆవర్తనాలను పుట్టించగలదు. స్లుట్స్కీ వ్యాసం 1937లో ఇంగ్లీషులో వెలువడి ప్రపంచానికి తెలిసింది. కొంద్రాత్యెవ్ మరుసటి ఏడు స్టాలిన్ ప్రభుత్వం చేతిలో మరణశిక్షకు గురయ్యాడు.

ఇక్కడ మరొక హర్స్ట్ కూడా జ్ఞాపకం రాదగినవాడే. హెరాల్డ్ ఎడ్విన్ హర్స్ట్ ఈజిప్టులో నైలు నదీజలాలను జీవితమంతా కొలిచిన ఇంజనీరు. శతాబ్దాల నీటిమట్టాలను పరిశీలించి 1951లో ఆయన ప్రచురించిన ఫలితం సారాంశం ఇది: నిండు ఏళ్ళు గుంపుగా వస్తాయి, కరవు ఏళ్ళు గుంపుగా వస్తాయి, కాని ఆ గుంపులకు నిర్ణీతమైన కాలం లేదు. బయటినుండి చూసేవారికి అది ఆవర్తనంలాగే ఉంటుంది. క్యాలెండరులో గుర్తు పెట్టుకుందామంటే మాత్రం చిక్కదు. చార్టుల హర్స్ట్‌కూ నైలు హర్స్ట్‌కూ ఇంటిపేరు ఒకటే కావడం కాకతాళీయం. మార్కెట్టు స్వభావాన్ని వర్ణించడంలో ఎవరి మాట ఎక్కువ నమ్మదగినదంటే, నైలువాడిదేనని చెప్పాలి.

అందుచేత ఆవర్తనాల ప్రోగ్రామును కొన్నవారు మొట్టమొదట చేయవలసిన పరీక్ష చాలా సులభమైనది. ఒక షేరు పదేళ్ళ రోజువారీ మార్పులను శాతాలలో తీసుకొని, పేకముక్కల మాదిరిగా కలిపివేసి, కొత్త వరుసలో మళ్ళీ ధరలుగా కట్టాలి. అందులో ఏ ఆవర్తనమూ మిగలదు. కాలమానాల లంకె అంతకంటే మిగలదు. ఆ కృత్రిమ ధరలకు వారాల, రోజుల చార్టులు గీయించి, అదే ప్రోగ్రాముతో అవే అలలను వెతికించాలి. ఇలా వందసార్లు చేసి, నిజమైన షేరులో దొరికినంత చక్కని పొందిక ఎన్నిసార్లు దొరికిందో లెక్కపెట్టాలి. ముప్పై నలభైసార్లు దొరికితే ఆ పొందికకు విలువ లేదు. జర్మన్ భూభౌతిక శాస్త్రజ్ఞుడు యూలియస్ బార్టెల్స్ 1930లలో అయస్కాంత తుపానుల కోసం రూపొందించిన పరీక్ష కూడా ఇటువంటి ప్రశ్నకే జవాబు వెతుకుతుంది. అల ప్రతి చుట్టులోనూ ఒకే దశలో వస్తున్నదా, చుట్టు చుట్టుకూ దారి తప్పుతున్నదా అని అది అడుగుతుంది.

వెతికినన్నిసార్లూ లెక్కలోకి రావాలి. 5 బార్ల నుండి 200 బార్ల వరకు ప్రతి కాలాన్నీ ఐదు కాలమానాలలో ప్రయత్నించే ప్రోగ్రాము మొత్తం 980 పరీక్షలు జరిపినట్లు. నూటికి ఐదు చొప్పున కేవలం అదృష్టంవల్లనే 49 ఆవర్తనాలు ‘రుజువు’ అవుతాయి. తెరమీద కనిపించేవి ఆ 49, మిగిలిన 931 కనిపించవు. చరిత్ర పొడవు మరొక హద్దు. నాలుగేళ్ళ అలనూ ఐదేళ్ళ అలనూ విడదీసి చూడాలంటే కనీసం ఇరవై ఏళ్ళ ధరలు కావాలి. అప్పుడు మొదటిది ఐదు చుట్లు, రెండోది నాలుగు చుట్లు తిరిగి, ఒక చుట్టు తేడా కనిపిస్తుంది. పదేళ్ళ చరిత్రతో ఆ రెంటినీ విడదీశామనే ప్రోగ్రాము తనకు తెలియనిది చెబుతున్నది. డౌ సూచిక 1896లో పుట్టింది. హర్స్ట్ 18 ఏళ్ళ అల అందులో ఏడు చుట్లే తిరగగలిగింది.

నిలిచేవి

ఇంత చెప్పిన తరువాత పెద్ద చార్టును మూసివేయాలనుకోవడం తొందరపాటు. రోజుల చార్టులో 200 బార్లు చూస్తే పది నెలలు కనిపిస్తాయి, వారాల చార్టులో అదే జాగాలో నాలుగేళ్ళు కనిపిస్తాయి. ఆ నాలుగేళ్ళలో షేరు ఒక వారంలో ఎంత ఊగగలదో తెలిస్తే, ఎంత నష్టానికి సిద్ధపడాలో, ఎంత పెట్టుబడి పెట్టవచ్చునో అంచనా వేసుకోవచ్చు. ఇందుకు జోస్యం అక్కరలేదు. మార్కెట్టులో గడియారంలా వచ్చే ఆవర్తనాలు కూడా కొన్ని ఉన్నాయి. న్యూయార్కులో లావాదేవీల పరిమాణమూ ధరల ఊగిసలాటా ఉదయం తెరచినప్పుడూ సాయంత్రం మూసేటప్పుడూ అధికంగా ఉండి, మధ్యాహ్నం తగ్గడం 1980ల నుండి పరిశోధకులు పదేపదే ధ్రువపరచిన విషయం. రాత్రి పోగైన వార్తలు ఉదయానే ధరలోకి దిగడం, రోజు ముగిసేలోగా చేతిలోని సరుకు వదిలించుకోవలసి రావడం దీనికి కారణాలు. ఈ ఆవర్తనం ధర ఎంత చురుకుగా కదులుతుందో చెబుతుంది, ఎటు కదులుతుందో చెప్పదు. 15 నిమిషాల చార్టులో పన్నెండు గంటల వేళ కనిపించే నిశ్చలతను పెద్ద అల శిఖరంగా పొరబడకుండా ఉండటానికి అది చాలు.

సరుకుల ధరలలోని ఋతుచక్రం కూడా కారణం తెలిసిన ఆవర్తనమే. గుంటూరు మిర్చి యార్డుకు కొత్త పంట జనవరి, ఫిబ్రవరి నుండి వేసవి దాకా వెల్లువగా వస్తుంది. సరుకు వెల్లువైనప్పుడు ధర మెత్తబడి, రాక తగ్గిన తరువాత గట్టిపడాలి. ఏడాది కాలమానంలో ఈ అల ఉన్నదని ఎవరికీ సందేహం లేదు. అందరికీ తెలిసినది కనుకనే గుంటూరు చుట్టూ శీతల గిడ్డంగులు వెలిశాయి. చవకగా ఉన్నప్పుడు కొని నిలవచేసేవారు వేసవి ధరను కొంత పైకి లాగుతారు, తరువాత బయటికి తీసి శీతాకాలపు ధరను కొంత కిందికి తోస్తారు. మామూలు ఏడాదిలో లోయకూ శిఖరానికీ మధ్య మిగిలే తేడా గిడ్డంగి అద్దె, పెట్టుబడిమీద వడ్డీ, రంగు తగ్గినందుకు తరుగు, ఈ మూడూ కలిసినంత. పంట దెబ్బతిన్న ఏడాది ఈ లెక్క చెదిరిపోతుంది. చార్టులో ఆ అల ఎత్తును కొలిచే ప్రోగ్రాముకు ఈ అద్దె, వడ్డీ, తరుగు తెలియవు. యార్డులో బస్తాకు చేయి పెట్టి రంగు చూసే వ్యాపారికి అవి కంఠతా వచ్చు.